మూడు రాష్ట్రాలు, ఒక కుండ

రెండేళ్ళ క్రితం మా కంపెనీ వాళ్ళు నన్ను ఆన్‌సైట్ అని ఐదు నెలలు కొరియా పంపించారు. ఆఫీసు, గది, మళ్ళీ ఆఫీసు. బుర్ర వేడెక్కిపోతోందని టీములో వాళ్ళు ఒక శనివారం డే ట్రిప్‌కి నా పేరు కూడా రాయించారు. పొద్దున ఉత్తర కొరియా సరిహద్దు చూపిస్తారు, మధ్యాహ్నం బియ్యంతో కల్లు చేయడం నేర్పిస్తారు, సాయంత్రానికి సియోల్లో దింపుతారు. ఈ రెండిటికీ సంబంధం ఏంట్రా బాబూ అనుకున్నాను. డబ్బులు కట్టేశారు కాబట్టి వెళ్ళాను.

బస్సులో పాస్‌పోర్టులు చూశారు. నెత్తిన హెల్మెట్ పెట్టి 1978లో దొరికిన సొరంగంలోకి దింపారు. తర్వాత డోరా అబ్జర్వేటరీ అని ఒక కొండ మీద నుంచి దుర్భిణీలో అవతలి దేశం పొలాలు చూపించారు. (దొర కొండ అని నాకు నేనే అనువాదం చేసుకుని నవ్వుకున్నాను. పక్కనున్న కొరియా అమ్మాయికి ఎందుకు నవ్వానో చెప్పలేకపోయాను.) 1953 జూలై 27న యుద్ధం ఆపుదామని సంతకాలు పెట్టుకుని, మధ్యలో నాలుగు కిలోమీటర్ల వెడల్పున ఎవరూ ఉండని నేల వదిలేశారు. మధ్యాహ్నం ఒక చిన్న బట్టీలో ఉడికించిన బియ్యం, నీళ్ళు, నురుక్ అనే గోధుమ బూజు ముద్ద ఇచ్చి చేత్తో కలపమన్నారు. అది పులిస్తే మక్‌గొల్లి. తెల్లగా, చిక్కగా, కొంచెం పుల్లగా ఉంటుంది. చూడ్డానికి మన గంజిలాగే ఉంటుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాకొక ఆలోచన వచ్చింది. సరిహద్దూ, పులిసిన కుండా రెండూ మా ఊరి పక్కనే ఉన్నాయి కదా! దానికి ఇన్ని డబ్బులు పోసి ఇంత దూరం రావాలా? హాస్టల్లో ఉన్నప్పుడు స్టార్టప్ పిచ్చి పట్టిన మా ఫ్రెండుకి మెసేజ్ కొట్టాను. "సూపర్ రా, హెరిటేజ్ ట్రయల్ అని పేరు పెడదాం" అన్నాడు. అప్పటి నుంచీ అది బుర్రలో తిరుగుతూనే ఉంది. మొన్న ఉగాదికి ఊరెళ్ళినప్పుడు మా బావని వెంటేసుకుని ఆ ట్రిప్ నిజంగానే చేసొచ్చాను. స్టార్టప్ మాత్రం పెట్టట్లేదు. ఎందుకో చెప్తాను.

మాది కల్లూరు. ఖమ్మం జిల్లా. సత్తుపల్లి పేరు చెబితే అర్థమయ్యేవాళ్ళకి సత్తుపల్లి దగ్గర అని, అర్థంకాని వాళ్ళకి భద్రాచలం పోయే వైపు అని చెప్తుంటాను. మాకు దక్షిణాన తిరువూరు. అది ఆంధ్ర. మా చిన్నప్పుడు మధ్యలో జిల్లా బోర్డు తప్ప ఏమీ ఉండేది కాదు. మా తాత చిన్నప్పుడు మాత్రం ఇటు నైజాం, అటు ఇంగ్లీషు వాళ్ళ మద్రాసు. మధ్యలో కరోడ్‌గిరి నాకాలు ఉండేవని తాత చెప్పేవాడు. కరోడ్‌గిరి అంటే నైజాం సర్కారు కస్టమ్స్ అన్నమాట. రూపాయి కూడా వేరే. ఇటు హాలీ సిక్కా, అటు కంపెనీ రూపాయి. ఏ సరుకు దాటించాలన్నా సుంకం కట్టాలి, లేదా రాత్రిపూట డొంకదారిన పోవాలి. తాత కథల్లో జనం ఎక్కువగా రాత్రిపూటే పోయేవాళ్ళు :-)

ఇదంతా పాత కథ అనుకుంటాం గానీ, నా కళ్ళతో చూసింది ఒకటుంది. 2020 మేలో ఆంధ్రలో మందు ధరలు రెండు విడతల్లో 75 శాతం పెంచారు. తెలంగాణలో అంత లేదు. ఇంక చూడండి, మా వైపు షాపుల దగ్గర తిరువూరు బళ్ళు. చెక్‌పోస్టులో పోలీసులు డిక్కీలు తెరిపించడం. బయటి రాష్ట్రం నుంచి మనిషికి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని ఆ సెప్టెంబర్లో హైకోర్టు చెబితే, తర్వాతి నెలలో ప్రభుత్వం నిబంధన మార్చేసింది. నేను అప్పుడు ఇంటి నుంచి పని చేస్తున్నాను. మా బావ రోజూ సాయంత్రం ఈ వార్తలు క్రికెట్ స్కోరులా చెప్పేవాడు. మా తాత బతికుంటే "కరోడ్‌గిరి మళ్ళీ వచ్చిందిరా" అనేవాడు.

సరే, ట్రిప్ సంగతికొద్దాం. తెల్లవారుజామున నాలుగున్నరకి కారులో బయల్దేరాం. సత్తుపల్లి, దమ్మపేట, ములకలపల్లి, పాల్వంచ. దమ్మపేట చుట్టూ అంతా పామాయిల్ తోటలే. అవి దాటాక అడవి మొదలవుతుంది. ఇప్పపువ్వు రాలే కాలం కదా, కారు అద్దాలు దించితే చాలు ఆ వాసన వచ్చేస్తుంది. తియ్యగా, కొంచెం మత్తుగా, కొంచెం కుళ్ళినట్టుగా ఉంటుంది. అందరికీ నచ్చే వాసన కాదు. మా బావ అద్దాలెత్తి ఏసీ వేశాడు. నేను దింపాను. పాల్వంచ దాకా ఇదే గొడవ.

సారపాక దాటి వంతెనెక్కితే గోదావరి. అవతల భద్రాచలం. జనం ఇక్కడికి రాముడి కోసం వస్తారు, మేమూ దణ్ణం పెట్టుకున్నాం. కానీ నేను ఆ రోజు చూడ్డానికెళ్ళింది నదిని. 1860 దాకా ఈ రెండు ఒడ్లూ నైజాంవే. ఆ ఏడు ఎడమ ఒడ్డుని నైజాం ఇంగ్లీషు వాళ్ళకి ఇచ్చేశాడు. అప్పటి నుంచి నది మధ్యలో రెండు ప్రభుత్వాలు. భద్రాచలాన్ని ముందు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో పెట్టారు, 1874లో మద్రాసులోకి మార్చారు. స్వతంత్రం వచ్చింది, 1956లో రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి, అయినా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండిపోయింది. 1959లో ఖమ్మంలో కలిపారు. వంతెన కట్టింది 1965లో. 2014లో రాష్ట్రం విడిపోయేటప్పుడు పోలవరం ముంపు అని చెప్పి, ఆ మే 29న ఆర్డినెన్స్ తెచ్చి, భద్రాచలం ఊరు ఒక్కటీ ఇటుంచి చుట్టూ ఉన్న పల్లెలన్నీ ఆంధ్రకిచ్చారు. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలన్నీ అటు పోయాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. అటువైపు వాటిలో కొన్నిటికి 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఆ తర్వాత కూడా జిల్లాల పేర్లు కదులుతూనే ఉన్నాయి. మన రిపాజిటరీలో కూడా ఇన్ని మెర్జులు జరిగి ఉండవు, పైగా ఇక్కడ కాన్‌ఫ్లిక్టులు ఎవరూ రిజాల్వ్ చేయలేదు.

నమ్మకపోతే భద్రాచలం నుంచి దుమ్ముగూడెం రోడ్డు మీద పోయి చూడండి. తెలంగాణలో బయల్దేరి, ఎటపాక, పిచ్చుకలపాడు, కన్నాయిగూడెం అంటూ ఆంధ్ర పల్లెల్లోంచి పోయి, మళ్ళీ తెలంగాణలోకే వస్తారు. రాముడేమో తెలంగాణలో ఉన్నాడు, ఆయన భూములు వందల ఎకరాలు ఆంధ్రలో పురుషోత్తపట్నంలో ఉన్నాయి. అయిదు పంచాయతీలు మాకు తిరిగివ్వండి అని వీళ్ళు అడుగుతూనే ఉన్నారు.

టిఫిన్ అక్కడ తిని, ఎటపాక మీదుగా కూనవరం వైపు తిరిగాం. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకొచ్చినప్పుడు ఈ ఊళ్ళన్నీ నీళ్ళలోనే ఉన్నాయి. ఆ వరద ఎంత దాకా వచ్చిందో గోడల మీద గీత ఇప్పటికీ కనిపిస్తుంది. పోలవరం నిండితే ఈ గోడలు కూడా మిగలవు. ఆ మాట అక్కడ ఎవరూ గట్టిగా అనరు. ప్యాకేజీ వచ్చిందా, ఎంతొచ్చింది, కాలనీలో ఇల్లిచ్చారా అనే మాట్లాడుకుంటారు.

ఈ వైపు రేకపల్లి అని ఒక ఊరుంది. మన స్కూలు పుస్తకాల్లో రంప తిరుగుబాటు అంటే అల్లూరి ఒక్కడే గుర్తొస్తాడు. ఆయనది 1922 నుంచి 24. అంతకు ముందే 1879లో ఇంకో రంప తిరుగుబాటు జరిగింది. దానికి కారణం ఏంటో తెలుసా? కల్లు! ఏజెన్సీలో జీలుగు చెట్టుకీ తాటిచెట్టుకీ కల్లు గీసుకుని ఇంట్లో తాగడం జనానికి అన్నం తినడం లాంటిది. మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీ చట్టం తెచ్చి ఇంటి వాడకానికి కూడా ఊరికే గీయకూడదంది. గీత హక్కులు గుత్తదారుల చేతిలోకి పోయాయి. రంప మున్సబుదారు ఆ పైన చిగురు పన్ను అని ఇంకో పన్ను వేశాడు. 1879 మార్చిలో కొండలు లేచాయి. ఆ మంట రేకపల్లి దాకా రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. చెప్పాను కదా, 1874లో ఈ ప్రాంతం సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసుకి మారిందని. పాత ప్రభుత్వంలో పోడుకి కట్టే పన్ను తక్కువ, అడ్డు చెప్పేవాడు లేడు. కొత్త ప్రభుత్వం పన్ను పెంచింది, కొన్ని అడవుల్లోకి గొడ్డలి పోగూడదంది. అంటే మ్యాప్ మీద ఎవడో ఒక గీత జరిపాడు, ఐదేళ్ళకి ఇక్కడ జనం తిరగబడ్డారు. దాన్ని అణచడానికి మద్రాసు సైన్యం వచ్చింది, హైదరాబాదు కంటింజెంటు కూడా వచ్చింది. 1880లో గానీ చల్లారలేదు.

కొరియా బస్సులో నేను అడిగిన ప్రశ్నకి నాకు ఇక్కడ జవాబు దొరికింది. సరిహద్దుకీ కుండకీ సంబంధం ఏంటంటే, గీత గీసినవాడు మొదట లెక్కపెట్టేది కుండనే. పన్ను వసూలుకి అంత తేలికైన సరుకు ఇంకోటి లేదు. కొరియాలో జరిగింది కూడా ఇదే. జపాన్ వాళ్ళు అక్కడికొచ్చి మద్యం పన్ను వేశారు, 1934కి ఇంట్లో కాచుకోవడం పూర్తిగా నిషేధించారు. వాళ్ళు పోయాక సొంత ప్రభుత్వం కూడా వదల్లేదు. 1960ల మధ్యలో తిండిగింజల కరువని బియ్యంతో కాయొద్దంది. ఇంట్లో కాచుకోవచ్చని మళ్ళీ చెప్పింది 1995లో. అరవై ఏళ్ళు! ఇంటికో రుచి ఉండేదట, ఆ ముసలమ్మలతోపాటే పోయింది. ఇప్పుడు మిగిలినదాన్ని వెతికి, 2021లో మక్‌గొల్లి తయారీని జాతీయ వారసత్వం అని ప్రకటించుకున్నారు. నాలాంటి వాళ్ళ దగ్గర డబ్బులు తీసుకుని నేర్పిస్తున్నారు.

చింతూరు దాటి ఒక పల్లెలో ఆగాం. ఊరి పేరు చెప్పను, కారణం మీకు తెలుసు. మా బావకి పొగాకు వ్యాపారంలో తెలిసిన ఒక కోయ పెద్దాయన ఇల్లు అది. వాకిట్లో చాపల మీద ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. తెల్లవారకముందే వెళ్ళి ఏరుకొస్తారు, ఎండెక్కితే మేకలూ పశువులూ వదలవు. ఏరడానికి తేలికగా ఉండాలని చెట్టు కింద ఆకులు ముందే కాల్చి ఊడ్చి పెడతారు. ఎండిన పువ్వు ఎండుద్రాక్షలా ఉంటుంది. నోట్లో వేసుకుంటే మంచి తీపి. దీన్ని ఉడకబెట్టి తింటారు, గిరిజన సహకార సంస్థకి అమ్ముతారు, గింజల నూనె తీస్తారు. ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు లడ్లు చేసి అమ్ముతున్నారు కూడా. కాస్త సారా కూడా కాస్తారు.

ఎలా కాస్తారో పెద్దాయన చెప్పాడు. (కాసి చూపించలేదు, నేను అడగలేదు.) పువ్వుని కుండలో నీళ్ళు పోసి నాలుగైదు రోజులు నాననిస్తే దానంతటదే పులుస్తుంది. పువ్వులోనే చక్కెర ఉంది, గాలిలో ఉన్న ఈస్టుకి అది చాలు. తర్వాత పొయ్యి మీద పెట్టి, పైన ఇంకో కుండ, దాని పైన చల్లనీళ్ళ గిన్నె. ఆవిరి చల్లబడి వెదురు గొట్టంలోంచి బొట్టుబొట్టుగా దిగుతుంది. పై గిన్నెలో నీళ్ళు వేడెక్కితే మారుస్తుంటారు. ఎన్నిసార్లు మార్చారో దాన్ని బట్టి ఘాటు తెలుస్తుందట. బెల్లం లేదు, నవసాగరం లేదు, పటిక లేదు. అవన్నీ వేసి కాసేది గుడుంబా. పేపర్లో "సారా బట్టీలు ధ్వంసం" అని ఫోటో వేస్తారు చూడండి, అందులో రెండూ ఒకటే. చట్టానికి కూడా రెండూ ఒకటే.

అక్కణ్ణుంచి కొంట ఎంతో దూరం లేదు. అది ఛత్తీస్‌గఢ్. అక్కడి సంతలో ఒకామె కుండలో లందా పెట్టుకుని అమ్ముతోంది. తెల్లగా, చిక్కగా! చూడగానే నాకు కొరియా బట్టీ గుర్తొచ్చింది. బియ్యప్పిండి ఆవిరి మీద ఉడికించి, మొలకెత్తించి ఎండబెట్టిన మొక్కజొన్న పిండి కలిపి నీళ్ళలో పెడతారు. బియ్యంలో ఉన్నది పిండి పదార్థం, ఈస్టు దాన్ని నేరుగా తినలేదు. ముందు ఎవరో దాన్ని చక్కెరగా విరగ్గొట్టాలి. కొరియా వాళ్ళు ఆ పని బూజుకి అప్పజెప్పారు, బస్తర్ వాళ్ళు మొలకకి అప్పజెప్పారు. ఒకే బగ్‌కి రెండు ఫిక్సులు. రెండూ ప్రొడక్షన్లో కొన్ని వందల ఏళ్ళుగా నడుస్తున్నాయి. ఆకు దొప్పలో పోసిచ్చింది. డ్రైవింగ్ బావది కాబట్టి నేను తాగాను. పుల్లగా, చల్లగా బాగుంది. మక్‌గొల్లి కన్నా పులుపు ఎక్కువ.

విచిత్రం ఏంటంటే, కొంటలో ఆదివాసీ ఇంటి వాడకానికి ఐదు లీటర్ల దాకా కాచుకుని ఉంచుకోవచ్చు. అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. వెనక్కి చింతూరు వైపొస్తే అదే కోయవాళ్ళు, అదే భాష, అవే చెట్లు, బహుశా అక్కాచెల్లెళ్ళ ఇళ్ళు కూడా. ఇక్కడ ఆ కుండ నేరం. ఇంకా పైకి పోతే మధ్యప్రదేశ్‌లో 2022లో ఇప్పసారాని హెరిటేజ్ లిక్కర్ అని సీసాల్లో పోసి అమ్మడానికి పాలసీ తెచ్చారు. ఒక పువ్వు, ఒక చోట ఇంటి హక్కు, ఒక చోట కేసు, ఒక చోట బ్రాండు.

మా ఫ్రెండుకి కావలసింది ఆ మూడోది. పెద్దాయన వాకిట్లో కూర్చున్నప్పుడు నాకూ అదే కళ్ళ ముందు కదిలింది. కొరియాలోలాగా ఏప్రాన్లు కట్టుకున్న టూరిస్టులు, హైటెక్ సిటీ నుంచి వీకెండ్ బస్సు, టేస్టింగు, సెల్ఫీ. అప్పుడు పెద్దాయన భార్య, పువ్వు తిరగేస్తూ, మమ్మల్ని అడక్కుండానే ఒక మాట అంది. "ఇది పండక్కి బాబూ. ముందు పెద్దలకి పోసి తర్వాత మేం తాగుతాం. మా పిల్లగాళ్ళకి ఇప్పుడిది నచ్చట్లేదు, రోడ్డు మీద బెల్టు షాపుకి పోతన్నారు." బెల్టు షాపు సీసా మీద ముద్ర ఉంటుంది, పన్ను కట్టిన ముద్ర. దాన్ని పట్టుకోవడానికి ఎవరూ రారు. పట్టుకునేది ఈమె కుండని. 1879కీ ఇప్పటికీ ఈ ఒక్క విషయంలో ఏం మారిందో నాకర్థం కాలేదు.

ఇక్కడ ఆపేస్తే మంచి వ్యాసం అయ్యేది. ఆదివాసీల సారా పవిత్రం, సర్కారు మందు విషం అని. కానీ మా ఇంట్లో అమ్మ ఉంది.

అమ్మ వాళ్ళ పెద్దన్నయ్య, అంటే మా పెద్దమామయ్య, ప్యాకెట్ సారా తాగి తాగి 1991లో పోయాడు. ముప్పై దాటలేదు. ఆయన ఫోటో మా హాల్లో ఉంటుంది, నాలాగే ఉంటాడని అందరూ అంటారు. ఆ తర్వాతి ఏడు నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో ఆ పాఠం చదివి ఊరూరా లేచారు. మా వైపు కూడా లేచారు. మా అమ్మమ్మ చీపురు పట్టుకుని పోయింది, అమ్మ వెనకాల పోయింది, అమ్మకప్పుడు పదిహేడేళ్ళు. 1993 అక్టోబరులో సారా నిషేధించారు, 1995 జనవరిలో ఎన్టీఆర్ మొత్తం మద్యం నిషేధించారు, 1997లో చంద్రబాబు ఎత్తేశారు. ఆదాయం లేదన్నారు. అమ్మకి ఈ తేదీలన్నీ నా పుట్టినరోజు కన్నా బాగా గుర్తు. సారా అనే మాట మా ఇంట్లో ఎవరూ అనరు. నేను కొరియాలో మక్‌గొల్లి తాగానని ఇప్పటికీ ఆమెకి చెప్పలేదు. (అమ్మ ఇంటర్నెట్ చూడదు లెండి.)

కాబట్టి నిషేధాలన్నీ పైవాళ్ళ పన్ను నాటకాలే అని నేను అనలేను. 1992లో నిషేధం అడిగింది పన్ను వసూలు చేసేవాళ్ళు కాదు, తాళి తెగినవాళ్ళు. అది కింద నుంచి వచ్చింది. 1879లో ఆబ్కారీ పై నుంచి వచ్చింది. నా దృష్టిలో తేడా అదొక్కటే. కుండ ఉండాలా పగలాలా అన్నది కాదు, ఎవరు చెప్తున్నారు అన్నది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, చట్టంలోనే ఉంది. 1996లో పార్లమెంటు పెసా చట్టం చేసింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకం, వాడకం మీద నిషేధం పెట్టాలన్నా, నియంత్రించాలన్నా, పరిమితి పెట్టాలన్నా అధికారం గ్రామసభకీ పంచాయతీకీ ఉండాలని అందులో రాసి ఉంది. మన రాష్ట్రంలో దానికి నియమాలు రాయడానికి 2011 దాకా పట్టింది. అంతకు ముందు 1970ల మధ్యలోనే కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది, ఆదివాసీ ప్రాంతాల్లో బయటి మందు దుకాణాలు తగ్గించండి, ఇంటి వాడకానికి కాచుకోనివ్వండి అని. మనవాళ్ళు సరిగ్గా తిరగేసి చేశారు.

నేననేది ఇంతే. ఏజెన్సీ పల్లెలో కుండ సంగతి ఆ పల్లె తేల్చుకోవాలి. ఇంటి వాడకానికి, పండక్కి కాచుకుంటాం అంటే ఛత్తీస్‌గఢ్‌లోలాగా ఒక కొలత పెట్టి వదిలేయాలి. మా ఊళ్ళో వద్దు అంటే కుండతో పాటు బెల్టు షాపు కూడా పోవాలి, ముద్ర ఉన్నా సరే. అమ్మకానికి మాత్రం వద్దు. సీసాలో పోసిన మరుక్షణం అది ఎవరిదో అయిపోతుంది. పెద్ద కంపెనీ వస్తుంది, పువ్వు కిలోకి ఇంత అని రేటు కడుతుంది, ఏరేవాళ్ళు కూలీలవుతారు. మన రంగంలో ఓపెన్ సోర్సు మీద ఇలా బతికిన కంపెనీలు ఎన్ని లేవు? మా ఫ్రెండుకి ఈ మాట ఫోన్లో చెప్తే "నువ్వు చేయకపోతే ఇంకెవడో చేస్తాడు" అన్నాడు. చేస్తే చేయనీ.

పైగా ఇదంతా తేలేలోపు చెట్లు ఉండాలి కదా. ముంపు ఊళ్ళ నుంచి లేపినవాళ్ళకి కాలనీల్లో ఇల్లిస్తున్నారు, ఇప్పచెట్టు ఇవ్వలేరు. నాటినా కాపుకొచ్చేసరికి పదేళ్ళు పైనే పడుతుంది. ఆ కాలనీల్లో పండక్కి పెద్దలకి పోయాలంటే ఇక రోడ్డు మీదికే పోవాలి.

రాత్రి పదిన్నరకి ఇల్లు చేరాం. దగ్గర దగ్గర నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాం. పెద్దాయన ఇచ్చిన ఎండు ఇప్పపువ్వు అరకిలో సంచిలో ఉంది. అమ్మ అన్నం పెడుతూ సంచి వాసన చూసింది. మొహం మారిపోయింది. లడ్లు చేస్తారమ్మా దీంతో, అన్నాను. నమ్మలేదు. అప్పుడు దారంతా ఆలోచించినదంతా చెప్పుకొచ్చాను. రేకపల్లి, కొంట, ఐదు లీటర్లు, గ్రామసభ. అమ్మ మొత్తం విన్నది.

"ఆ సభలో ఆడవాళ్ళని మాట్లాడనిస్తారా?" అంది.

నేను పెద్దాయన్ని పొయ్యి గురించి, గొట్టం గురించి, నీళ్ళు ఎన్నిసార్లు మారుస్తారో కూడా అడిగాను. ఈ ప్రశ్న అడగలేదు. తెలీదమ్మా అన్నాను. పెరుగు వేసింది. సంచి మాత్రం లోపల పెట్టనివ్వలేదు, రాత్రంతా వాకిట్లోనే ఉంది. పొద్దున లేచేసరికి పక్కింటి మేక సగం తినేసింది.